అన్నానికి పిలిచిన అట్టచక్రం

నేను ఒక అట్టచక్రాన్ని. అట్టే కదా అని తేలిగ్గా తీసేయకండి. నా ఒంటి మీద పన్నెండు స్పానిష్ క్రియలు కాపురం చేస్తున్నాయి, ఒక్కొక్కదానికీ ఆరేసి రూపాలు. ఇంత సంసారం మీ ఇళ్ళలో ఎవరికీ ఉండదు. పైగా వాటిలో ఏ ఒక్కటీ కుదురైన రకం కాదు. మామూలుగా ఒక అక్షరంతో రాసుకునేవి, ఏదన్నా కోరిక చెప్పాల్సి వచ్చేసరికి ఇంకో అక్షరం తెచ్చుకుంటాయి. వాటి వెంట తిరిగి తిరిగి నాకు నడుం దగ్గర అట్ట వదులైపోయింది.

నేను రెండు బిళ్ళల కలయికను. కింది బిళ్ళ టేబుల్ ఫ్యాను వచ్చిన డబ్బాలోంచి కోసింది, మోటు మనిషి. పై బిళ్ళ ధర్మవరం పట్టుచీర పెట్టె మూత. గులాబీ రంగు, అంచున బంగారు గీత, ఆ గీతను చూసుకుని మహా మిడిసిపాటు. రెంటికీ నడుమ జాకెట్టుకు కుట్టే ఇత్తడి నొక్కుడు గుండీ. కింది బిళ్ళ మీద క్రియలన్నీ వరసలుగా రాసి ఉంటాయి. పై బిళ్ళలో సన్నటి కిటికీ ఉంటుంది. తిప్పితే ఏ క్రియ కావాలంటే దాని ఆరు రూపాలూ కిటికీలో కనిపిస్తాయి. నన్ను చేసినాయన దీన్ని పెద్ద యంత్రం అన్నట్టు చెప్పుకునేవాడు. ఆయన పేరు కుళ్ళాయప్ప సారు.

ధర్మవరానికి అవతల ఒక సేవాసంస్థ ఉండేది. పెద్దదేమీ కాదు, నాలుగు గదులు, ఒక జీపు. స్పెయిన్ దేశంలో కొందరు మంచివాళ్ళు అక్కడి పల్లె పిల్లల చదువులకు సాయం చేసేవాళ్ళు, అప్పుడప్పుడూ వచ్చి ఆ పిల్లల్ని చూసిపోయేవాళ్ళు. వచ్చినవాళ్ళకు తెలుగు రాదు, పల్లెవాళ్ళకు స్పానిష్ రాదు. మధ్యలో నోరు కుళ్ళాయప్ప సారుది. ఆయన పూర్వాశ్రమంలో బడిపిల్లలకు ఎక్కాలు చెప్పిన అయివారు. స్పానిష్ కూడా ఎక్కాల బాణీలోనే నేర్చుకున్నాడు, అదే బాణీలో నేర్పేవాడు. ఆయన క్లాసు ముందు నుంచి నడిచిపోతే లోపల పదమూడో ఎక్కం చదువుతున్నారనే అనుకుంటారు. చెవి పెట్టి వింటే "బుస్కె, బుస్కెస్, బుస్కె, బుస్కెమోస్" అని వినబడుతుంది.

ఆ క్లాసులో హంపమ్మ అనే అమ్మాయి ఉండేది. రేగడికొట్టాల అనే పల్లెటూరి పిల్ల, డిగ్రీ అయింది, దుబాసీ పని నేర్చుకుంటోంది. ఆమె ఎందుకు నేర్చుకుంటోందో చెబితేగాని నేనెందుకు పుట్టానో మీకు తెలియదు.

హంపమ్మ చదువంతా స్పెయిన్‌లో రెమెదియోస్ అనే ఆవిడ పంపిన సాయంతోనే సాగింది. ఆవిడ రొట్టెల అంగడి నడిపే మనిషి. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, అంగడి వదిలి రావడానికి తీరిక లేదు. హంపమ్మ ఆరో తరగతిలో ఉన్నప్పుడు మాత్రం ఆవిడ మేనకోడలు ఒకసారి ఈ దేశం వచ్చి రేగడికొట్టాలకు వెళ్ళింది. హంపమ్మ తల్లి సుంకమ్మ మగ్గాలవాళ్ళకు దారం కండెలు చుట్టి బతికే మనిషి. ఆ పొద్దు పని మానుకుని, ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసి, కొత్త చాప పరిచి, వచ్చినామెను భోజనానికి పిలిచింది. ఒకసారి కాదు, చెయ్యి పట్టుకుని మరీ పిలిచింది. మేనకోడలు నవ్వింది, దండం పెట్టింది, జీపెక్కి వెళ్ళిపోయింది.

సుంకమ్మకు అది గుండెలో ముల్లయి కూర్చుంది. "మనం వాళ్ళ చేతిది ఇన్నేండ్లు తింటిమి. మన చేతిది ఒగ ముద్ద తినేదానికి వాళ్ళకు మనసు రాకపాయ," అని ఎన్నోసార్లు అనుకుంది. పుచ్చుకోవడమే తప్ప పెట్టే యోగం లేని మనిషిగా బతకడం ఆమెకు చాలా కష్టంగా ఉండేది. రెమెదియోస్ ఒక్క పూట తన ఇంట్లో చెయ్యి కడగాలి. జన్మకు ఆమె కోరుకున్నది అదొక్కటే.

హంపమ్మ దుబాసీ పని నేర్చుకుంటూ సారు వెంట వేరే ఊళ్ళు తిరిగేది. ఒక ఊళ్ళో ఒక ముసలామె విదేశీ దంపతుల్ని "మా ఇంట్లో ఇంత సంగటి తినిపోండి నాయనా" అని బతిమాలింది. సారు గొంతు సవరించుకుని స్పానిష్‌లో చెప్పాడు: "ఈమె మీకు కృతజ్ఞతలు చెబుతోంది." దంపతులు నవ్వారు, దండం పెట్టారు, జీపెక్కారు. హంపమ్మ మాత్రం జీపెక్కలేదు.

"సార్, ఆయమ్మ చెప్పింది ఒగటి. మీరు చెప్పింది ఇంగొగటి."

కుళ్ళాయప్ప సారు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు పట్టుకుంటావని తెల్సు పాపా. ఏం జేయల్ల చెప్పు. పిలుస్తాండారని చెప్తే వాళ్ళు కూచ్చుంటారు. కూచ్చుంటే జీపు కదలదు. జీపు కదలకపోతే ఇంగో మూడు ఊర్లు పోతాయి. ఆఫీసులో వీళ్ళకని వండింది పారబోయల్ల. మళ్ళ వాళ్ళకు కడుపులో నొప్పొస్తే నా తలకాయ పోతాది."

"మా ఇంటికాడ గూడా ఇట్లనే చెప్పినారా సార్? ఆ పొద్దు, మా అమ్మ ఓళిగలు చేసినప్పుడు?"

ఆయన జీపెక్కాడు. జీపులో దారి పొడవునా కిటికీలోంచి చెనిక్కాయ చేలు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి పోయి భార్య పట్టుచీర పెట్టె మూత అడిగి తీసుకున్నాడు. ఆమె ఊరికే ఇవ్వలేదు, అది వేరే కథ. తెల్లారేసరికి నేను పుట్టాను. మామూలుగా చక్రాలు అవసరంలోంచి పుడతాయంటారు, నేను మాత్రం ఒక పెద్దమనిషి సిగ్గులోంచి పుట్టాను.

ఆయన నన్ను హంపమ్మ చేతిలో పెట్టి, "మీ అమ్మ మాట నువ్వే చెప్పుకుందువు గాని. రెమెదియోసమ్మ అంగడి మూసేసిందంట, వచ్చే చలికాలం వస్తాదంట. ఆ లోపల ఇది నోటికి రావల్ల," అన్నాడు.

నా మీది క్రియల సంగతి కాస్త చెప్పాలి. సారు చెప్పినట్టే చెబుతాను, అంతకంటే బాగా నాకూ తెలియదు. "తిన్నాడు అంటే అయిపోయిన పని. తింటాడు అంటే అయ్యే పని. తినల్ల అంటే మన ఆశ. ఆశ చెప్పేటప్పుడు వాళ్ళు క్రియకు తోక మారుస్తారు పాపా. చివర 'ఆర్' అని ఉండేదానికి 'ఎ' తోక తగిలిస్తారు. ఈడొస్తాది తంటా. మన 'క' ఉంది సూడు, దానికి గుడిచ్చినా ఏత్వమిచ్చినా గొంతు మారదు. వాళ్ళ 'సీ' అట్ల కాదు. 'ఆ' పక్కన కూచ్చుంటే క అంటాది, 'ఎ' పక్కన కూచ్చుంటే థ అంటాది. అందుకని 'ఎ' వచ్చేసరికి దాన్ని లేపేసి ఆడ 'క్యూ'ను కూచ్చోబెడతారు. బుస్కార్ పోయి బుస్కె అయితాది. రాత మారింది, గొంతు మారలే."

"గొంతు నిలబెట్టుకునేదానికి గుడ్డలు మార్చుకుంటాది," అంది హంపమ్మ.

"అంతే. నువ్వు ఆఫీసుకు చుడీదారేసుకుని వస్తే హంపమ్మ కాకుండా పోతావా."

అలా నా మీద వరసగా కూర్చున్నాయి: బుస్కార్ అంటే వెతకడం, తొకార్ అంటే తాకడం, యెగార్ అంటే చేరడం, పగార్ అంటే డబ్బు చెల్లించడం, క్రుథార్ అంటే దాటడం, అబ్రథార్ అంటే కావలించుకోవడం, ఎంపెథార్ అంటే మొదలుపెట్టడం. ఎనిమిదోది అల్మొర్థార్, అంటే మధ్యాహ్నం భోంచేయడం. తరువాత ఇంకో నాలుగు. అల్మొర్థార్ అన్నిటికంటే కొంటెది. తోక మారేసరికి దానికి నడుమ్ముక్క కూడా మారుతుంది, అల్ముఎర్థె అవుతుంది. హంపమ్మకు కావలసింది అదే, ఆమెను ఏడిపించిందీ అదే.

సారు బాణీలో ఒక గొప్ప సుగుణముంది, ఒకసారి నోటికి వస్తే చచ్చేదాకా పోదు. ఒక గొప్ప తంటా కూడా ఉంది. మీరే ఆలోచించండి, ఏడెనిమిదులెంత అని ఎవరైనా చటుక్కున అడిగితే మీలో ఎంతమంది ఏడొకట్ల ఏడు దగ్గర నుంచి లోలోపల పరిగెత్తుకుంటూ రారు? హంపమ్మకు క్రియలు అలాగే పట్టుబడ్డాయి. అల్మొర్థార్ కావాలంటే బుస్కార్ దగ్గర ఎక్కి, ఏడు క్రియల మెట్లూ తొక్కి రావాల్సిందే. మధ్యలో ఎవరైనా దగ్గితే మళ్ళీ మొదటికి. నేను చేతిలో ఉంటే ఆ బాధ లేదు, తిప్పడం, చూడడం, చెప్పడం. కానీ సారు మొదట్లో నన్ను అతిథుల ముందుకు రానివ్వలేదు. "అట్టచక్రం తిప్పుతా ఉంటే చిలక జోస్యం చెప్పేదానివనుకుంటారు," అన్నాడు.

దాంతో ఒక తమాషా జరిగింది. స్పెయిన్ నుంచి ఒక కుర్ర జంట వచ్చింది. బడిలో పిల్లలు ఆట మొదలుపెట్టాలని పంతులమ్మ కోరుతోంది, ఆ మాట హంపమ్మ చెప్పాలి. ఎంపెథార్ ఏడోది. పాపం ఆ పిల్ల పక్కకు తిరిగి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ బుస్కార్ నుంచి బయలుదేరింది. జంట ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, గబగబా టోపీలు తీసి, చేతులు జోడించి తల వంచుకున్నారు. అది చూసి పంతులమ్మ చేతులు జోడించింది. పంతులమ్మను చూసి బడి పిల్లలందరూ లేచి నిలబడ్డారు. ఈమె ఎంపెథార్‌కు చేరి కళ్ళు తెరిచేసరికి బడి మొత్తం ప్రార్థనలో ఉంది. వెళ్ళేటప్పుడు ఆ జంట సారుతో, మీ అమ్మాయి మాట మాటకూ దేవుణ్ణి తలుచుకుంటుంది, మాకు కళ్ళనీళ్ళు వచ్చాయి అని చెప్పారట. సారు గంభీరంగా, మా జిల్లాలో అందరూ అంతేనండి అన్నాడట. జీపు తలుపు వేశాక మాత్రం స్టీరింగు మీద తల పెట్టి నవ్వుతున్న డ్రైవరుతో పోటీ పడి నవ్వాడు.

"చక్రమే నయం పాపా, సంచిలో పెట్టుకో," అన్నాడు చివరికి. ఆ రోజుతో నాకు అధికారికంగా ఉద్యోగం వచ్చింది.

ఇంట్లో నా పరపతి వేరే రకం. సుంకమ్మకు నేనేమిటో అర్థం కాలేదు గాని, కూతురు పొద్దస్తమానం నన్ను తిప్పుతూ ఏదో జపిస్తూ ఉండడం చూసి నా మీద గౌరవం కలిగింది. ఆయుధపూజ నాడు కొడవలి, కత్తిపీట, కండెలు చుట్టే రాట్నం వరసలో నన్నూ నిలబెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. తడి వేలు సరిగ్గా కిటికీలోకి దిగింది. అప్పుడు కిటికీలో ఉన్నది అల్మొర్థార్. ఆ వరసంతా ఎర్రగా అలుక్కుపోయింది. హంపమ్మ చూసి తల పట్టుకుంది. "అమ్మా, ఇదొగటే నాకు కావల్సింది."

"కావల్సిందానికే గదమ్మే బొట్టు పెట్టేది," అంది సుంకమ్మ. ఎరుపు కింద అక్షరాలు కష్టపడితే కనబడేవి, అదే పదివేలు.

చలికాలం వచ్చింది, రెమెదియోస్ వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, తెల్ల జుట్టుతో, పెద్ద పెద్ద చేతులతో ఉంటుంది. ఆవిడ రాకముందే గురుశిష్యుల మధ్య ఒప్పందం కుదిరింది. సారు పక్కనే ఉంటాడు, మాట హంపమ్మదే. కానీ జీపు పన్నెండున్నరకు కదలాలి, భోజనం ఆఫీసులోనే. "ఆ లోపల నువ్వు చెప్పగలిగితే చెప్పు, కూచ్చుంటే కూచ్చోనీ, ఆఫీసుకు నేను సమాధానం చెప్పుకుంటా. నీకు నోరు పెగల్లేదంటే మాత్రం నేను అందుకుంటా. నేను అందుకుంటే ఏం చెప్తానో నీకు తెల్సు," అన్నాడు. బెదిరింపు కాదు, పాపం ఆయన భయం ఆయనది.

ఆ ఉదయం సుంకమ్మ ఇల్లంతా ఊడ్చి అలికింది. రాగిసంగటి కెలికింది, చెనిక్కాయలతో ఊరిబిండి పచ్చడి రోట్లో నూరింది, పప్పు, వంకాయ, ఓళిగలు. ఊరిబిండి గిన్నెకు మూత దొరకలేదు. ఈగలు ముసురుతున్నాయి. చుట్టూ చూసింది. గోడకు తగిలించిన కూతురి సంచిలోంచి నా గులాబీ అంచు తొంగి చూస్తోంది. ఇంకేముంది, తీసి గిన్నె మీద బోర్లించింది. నా జీవితంలో అతి ముఖ్యమైన రోజున నేను ఊరిబిండి మూతనయ్యాను. ఘాటుకు పట్టుచీర బిళ్ళ ఒకటే గోల, ఫ్యాను డబ్బా బిళ్ళ మాత్రం హాయిగా వాసన పీల్చుకుంటూ కూర్చుంది.

రెమెదియోస్ ఇంట్లోకి వస్తూనే హంపమ్మను గట్టిగా కావలించుకుంది. హంపమ్మ నేర్చుకున్న మాటలన్నీ బాగానే చెప్పింది. ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది, తల్లిని చూపించింది, రాట్నం చూపించింది. రెమెదియోస్ ప్రతిదానికీ తలూపుతూ, మధ్యమధ్యలో ముక్కు ఎగబీల్చి వంటింటి వైపు చూస్తోంది. అలా మాటల్లో పొద్దు గడిచిపోయింది. బయట డ్రైవరు ఫకీరప్ప హారను కొట్టాడు. కుళ్ళాయప్ప సారు గడియారం చూసుకున్నాడు.

సుంకమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి కూతురి వైపు చూసింది. "ఏమ్మే హంపీ, చెప్పు. మా ఇంట్లో అన్నం తినల్లని చెప్పు."

హంపమ్మ మొదలుపెట్టింది. "మి మాద్రె కియెరె కె ఉస్తెద్..." మా అమ్మ కోరుకుంటోంది, మీరు... అంతవరకూ వచ్చి ఆగింది. ఆ క్రియ రాలేదు. వారం రోజులుగా నిద్రలో కూడా పలికిన క్రియ, సమయానికి మొహం చాటేసింది. చెయ్యి సంచిలోకి పోయింది. సంచి ఖాళీ. అడుగుదాకా తడిమింది, తిరగేసి దులిపింది, ఒక దువ్వెనా రెండు బస్సు టికెట్లూ రాలాయి. నేను రెండు బారల దూరంలో, ఊరిబిండి మీద, కిటికీ నేలకు పెట్టుకుని పడి ఉన్నాను. నాకు నోరుంటే అరిచి ఉండేదాన్ని. ఇంతమందికి మాటలు అందించిన దాన్ని, నాకంటూ ఒక్క మాట లేదు.

ఫకీరప్ప మళ్ళీ హారను కొట్టాడు. సారు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఏమిటో హంపమ్మకు తెలుసు, దాని వెనక వచ్చే కృతజ్ఞతలు కూడా తెలుసు. గడప దగ్గర సుంకమ్మకు కూడా తెలిసినట్టుంది, చీర కొంగు పిడికిట్లో నలిగిపోతోంది.

"మీరొద్దు సార్," అంది హంపమ్మ. చెయ్యి అడ్డం పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఇక దారి లేదు, బుస్కార్ దగ్గర ఎక్కింది.

"బుస్కె, బుస్కెస్, బుస్కె, బుస్కెమోస్..." ఈసారి లోలోపల కాదు. పైకే చదివింది, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు, సారు బాణీలో. తొకార్ అయింది. సారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. యెగార్‌లోకి వచ్చింది, "యెగె, యెగెస్, యెగె..."

రెమెదియోస్ మొదట తెల్లబోయింది. తన దేశంలో ఎక్కడా ఎవరూ అతిథి మొహం మీద క్రియలు చదవరు. తరువాత తల ఒక పక్కకు వంచింది. పగార్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పెద్ద చెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది. క్రుథార్ దగ్గర పెదవులు కదిలాయి. అబ్రథార్ దగ్గర గొంతు కలిసింది. బాణీ కొంచెం వేరు, కానీ అదీ బడి బాణీయే. ఆవిడ చిన్నప్పుడు ఊళ్ళో సన్యాసినుల బడిలో, బల్ల మీద బద్దతో తాళం వేస్తూ ఇలాగే అప్పజెప్పించేవారట. ఆ విషయం మాకు తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్న ఒక అమ్మాయీ, మోకాలి మీద తాళం వేస్తున్న ఒక ముసలావిడా కలిసి, అలికిన ఆ ఇంట్లో మెట్టు మెట్టుగా ఎక్కుతున్నారు. ఎంపెథార్ దాటారు. "అల్ముఎర్థె, అల్ముఎర్థెస్, అల్ముఎర్థె, అల్మొర్థెమోస్, అల్మొర్థెఇస్, అల్ముఎర్థెన్" అని ఒకే గొంతుగా చివరిదాకా చదివి ఆగారు.

హంపమ్మ కళ్ళు తెరిచింది. ఇక తడుముకోలేదు. "మా అమ్మ కోరుకుంటోంది, మీరు మా ఇంట్లో భోంచేయాలని," అని స్పానిష్‌లో స్పష్టంగా, మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది.

రెమెదియోస్ నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా ఏదో చెప్పింది, చాలాసేపు చెప్పింది. హంపమ్మకు అంతా అర్థమైంది. అర్థమయ్యేసరికి సారు వైపు తిరిగింది. "సార్, ఇది మీరు చెప్పండి. మా అమ్మకు. అంతా చెప్పండి," అంది.

కుళ్ళాయప్ప సారు కండువా తీసి భుజాన వేసుకున్నాడు. ఒక్క మాట కత్తిరించకుండా చెప్పాడు.

"సుంకమ్మా, ఆయమ్మ చెప్తాండాది. ఆ పొద్దు మా మేనకోడలు మీ ఇంటికి వచ్చి పోయినంక, నాకు ఒగటే మాట చెప్పింది. అత్తా, ఆ ఇంట్లో అంత మంచి వాసన నేను యాడా చూడలేదు, నాకు ఆకలిగా ఉండింది, కానీ ఎవురూ నన్ను తినమని పిలవలేదు అని. మేము పిలిపించుకునేంత దగ్గరోళ్ళం కాదేమోనని నేను ఇన్నేండ్లు అనుకున్యా. ఇప్పుడు కూడా వాసన చూస్తా కూచ్చున్యా, పిలుస్తారో లేదోనని." అక్కడ ఆగి, తన సొంత గొంతుతో, "ఆ పొద్దు తప్పు నాది సుంకమ్మా. నువ్వు పిలిస్తివి. నేను చెప్పలే," అన్నాడు. అదే మాట రెమెదియోస్ వైపు తిరిగి స్పానిష్‌లో కూడా చెప్పాడు.

సుంకమ్మ గడప దిగి, మళ్ళీ గడప ఎక్కింది. ఇన్నేళ్ళ ముల్లు ఒక్కసారి ఊడి వచ్చేస్తే ఎక్కడ నిలబడాలో మనిషికి తెలియదు. తరువాత రెమెదియోస్ దగ్గరికి వచ్చి, ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "పిలిచినా తల్లీ. చెయ్యి పట్టుకుని పిలిచినా," అంది. ఈ మాట ఎవరూ తర్జుమా చేయలేదు. అక్కర్లేదని సారుకు కూడా తెలిసింది.

రెమెదియోస్ చాప మీద కూర్చుంది. మోకాళ్ళు మొరాయించాయి, అయినా కూర్చుంది. ముందర సంగటి ముద్ద పెట్టారు. జీవితమంతా పిండి పిసికిన మనిషి కదా, ముద్దను బొటనవేలితో ఒక నొక్కు నొక్కి, సుంకమ్మ వైపు చూసి తలూపింది. పనివాళ్ళు పనివాళ్ళను మెచ్చుకునే తీరు అది, దానికి ఏ క్రియా అక్కర్లేదు. సుంకమ్మ ఊరిబిండి వేయడానికి గిన్నె మీద నుంచి నన్ను తీసింది. అప్పుడు చూసింది హంపమ్మ నన్ను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు చెప్పడానికి మర్యాదగా ఉండదు.

ఊరిబిండి కారానికి రెమెదియోస్‌కు కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. అయినా ఇంకా వెయ్యమంది. సుంకమ్మ పక్కన కూర్చుని నన్నే విసనకర్ర చేసుకుని విసరడం మొదలుపెట్టింది. నా కింది బిళ్ళకు పూర్వజన్మ గుర్తొచ్చింది, ఫ్యాను డబ్బా కదా, ఇన్నాళ్ళకు గాలి పంచే భాగ్యం దక్కింది. బయట ఫకీరప్ప మూడోసారి హారను కొడితే, "ఆయప్పనూ పిలవండప్పా, ఆడ ఎండలో ఏం చేస్తాండాడు," అంది సుంకమ్మ. ఫకీరప్ప ఆ మాట కోసమే కొడుతున్నట్టు వెంటనే చెయ్యి కడుక్కుని వచ్చాడు. కుళ్ళాయప్ప సారు వద్దు వద్దంటూనే రెండు ముద్దలు తిన్నాడు. ఆఫీసులో ఆ పూట ఏం పారబోశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

వెళ్ళేటప్పుడు రెమెదియోస్ నన్ను చూపించి, ఈ ఎర్ర మచ్చ ఏమిటని అడిగింది. హంపమ్మ చెప్పింది. ఆవిడ నన్ను తనకిమ్మని అడిగింది. హంపమ్మ ఒక్క క్షణం నన్ను రొమ్ముకు ఆనించుకుంది, తరువాత ఇచ్చేసింది. ఆ పిల్లకు ఇక నా అవసరం లేదు. ఉన్నా ఇచ్చేదే, ఆ ఇంటివాళ్ళు పెట్టడం మొదలుపెడితే ఆపరు. సారు నన్ను ఒకసారి తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి, నా వెనక వైపు స్పానిష్ అక్షరాల్లో నాలుగు తెలుగు మాటలు రాశాడు. "ఈమెకు కూడా ఒగ ఎక్కం ఉండనీ," అన్నాడు.

హంపమ్మ ఇప్పుడు పక్కా దుబాసీ. ఎవరి మాటనూ కత్తిరించదు. అందువల్ల ఆ సంస్థ జీపు ఏ ఊరికీ వేళకు చేరడం లేదని, చివరికి ఊళ్ళో భోజనం కూడా ప్రోగ్రాంలో కలిపేశారని ఫోనులో విన్నాను.

నేను విమానమెక్కి వచ్చి రెమెదియోస్ వంటింట్లో, రొట్టెల పొయ్యి పక్కన మేకుకు వేలాడుతున్నాను. నా బతుకులో ఇంతకంటే చిత్రం లేదు. ఈ ఊళ్ళో నా క్రియలు తెలియని మనిషి లేడు. వీధిలో గోలీలాడే పిల్లవాడు కూడా అక్షరం తప్పకుండా చెప్పేస్తాడు. ఇక్కడ నాకు పనేముంది? చుట్టాలు వచ్చి చూసి, ఇదెందుకు పెట్టుకున్నావని అడుగుతారు. రెమెదియోస్ కూర్చోమంటుంది, ఆ వేళకు ఏముంటే అది పెడుతుంది.

కానీ వారానికోసారి ఆవిడ నన్ను మేకు నుంచి తీసి, వెనక్కి తిప్పి, బల్లకు ఆనించుకుంటుంది. ఫోనులో సుంకమ్మ మొహం వెలుగుతుంది. వచ్చే ఎండాకాలం తల్లీకూతుళ్ళిద్దరూ ఇక్కడికి రావాలని, ఈ బల్ల దగ్గర తినాలని రెమెదియోస్ పట్టుబట్టింది. ఆ పిలుపు హంపమ్మ చేత చెప్పించదు, తనే చెప్పాలి. ఆమెకు కావలసింది 'తినల్ల' అనే మాట. సారు నా వెనక రాసిన నాలుగింటిలో అది మూడోది. నేరుగా దాని దగ్గరికి పోవడం ఆవిడకు చేతకాదు.

కళ్ళు మూసుకుంటుంది. మోకాలి మీద తాళం వేస్తుంది. "రావల్ల... కూచ్చోవల్ల..." అని మొదటి నుంచి మొదలుపెడుతుంది.

అక్కడ రేగడికొట్టాలలో సుంకమ్మ ఫోను గోడకు ఆనించి, రెండు చేతులూ జోడించి, ఆవిడ చివరికి చేరేదాకా ఓపిగ్గా కూర్చుని ఉంటుంది.